ఒకే టీమ్, ఏడాదిలో నాలుగైదు కప్పులు: బ్రెజిల్, దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ పోటీలు ఎలా నడుస్తాయి?

ధర్పల్లిలో ఫజర్ నమాజు ముగించుకుని ఇంటికొచ్చి ఫోన్ తెరిచే వేళకు బ్రెజిల్‌లో రాత్రి మ్యాచ్ మొదలవుతుంటుంది. అక్కడ రాత్రి 9:30 అంటే మనకు పొద్దున 6 గంటలు. సౌదీలో ఉన్నవాళ్లకు తెల్లవారుజాము 3:30, దుబాయ్‌లో 4:30. మెస్సీ, నెయ్‌మార్ పేర్లతో మొదలైన ఇష్టం చాలామంది పిల్లల్లో ఇప్పుడు ఫ్లమెంగో, పాల్మీరాస్ స్కోర్లు చూసేదాకా వచ్చింది. అక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆదివారం ఒక కప్పులో ఓడి ఇంటికి పోయిన టీమ్ బుధవారం ఇంకో కప్పులో ఆడుతుంటుంది. శనివారం మళ్లీ మరో పేరు. "ఓడిపోయిన టీమ్ మళ్లీ ఎట్లా ఆడుతుంది?" అని పిల్లలు అడిగితే పెద్దవాళ్లు తడుముకుంటారు.

మనకు ఐపీఎల్ అలవాటు. ఒక టోర్నీ, రెండు నెలలు, ఒక విజేత, అయిపోయింది. బ్రెజిల్ క్లబ్ అలా కాదు. అది ఒకే ఏడాదిలో మూడు నాలుగు పోటీలు పక్కపక్కనే ఆడుతుంది. దీన్ని మన రైతు లెక్కలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే రైతు పసుపూ వేస్తాడు, మక్కా వేస్తాడు, వరీ వేస్తాడు. పసుపులో నష్టమొస్తే దాన్ని వరి ఖాతాలో రాయడు. బ్రెజిల్ క్లబ్‌కు కూడా ప్రతి పోటీ ఒక వేరే ఖాతా. రాష్ట్ర టోర్నీ ఒకటి, దేశం లీగ్ ఒకటి, దేశం కప్పు ఒకటి, ఖండం కప్పు ఒకటి. బాగా ఆడే పెద్ద క్లబ్బులు ఇవన్నీ కలిపి ఏడాదికి 70 మ్యాచ్‌ల దాకా ఆడుతాయి.

ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. యూరప్ సీజన్ ఆగస్టులో మొదలై మే నెలలో అయిపోతుంది, అందుకే దాన్ని 2025-26 అని రాస్తారు. బ్రెజిల్‌ది జనవరి నుంచి డిసెంబర్. అందుకే 2025 సీజన్ అంటే సరిపోతుంది. దీనివల్ల అక్కడి క్లబ్బులకు ఒక తలనొప్పి ఉంది. యూరప్ క్లబ్బులు ఆటగాళ్లను కొనేది జూలై, ఆగస్టుల్లో. అంటే లీగ్ సగంలో ఉన్నప్పుడే బ్రెజిల్ టీమ్ తన మంచి కుర్రాడిని పోగొట్టుకుంటుంది. మేలో పట్టికలో పైనున్న టీమ్ అక్టోబర్‌లో కింద కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

మొదటి మెట్టు: రాష్ట్ర టోర్నీ

జనవరిలో సీజన్ తెరుచుకునేది రాష్ట్ర టోర్నీలతో. బ్రెజిల్‌లో 26 రాష్ట్రాలు, ఒక రాజధాని జిల్లా ఉన్నాయి. 27 చోట్లా వేర్వేరు టోర్నీలు. సావో పాలో రాష్ట్రానిది 'పాలిస్టా', రియో డి జనీరోది 'కారియోకా'.

ఇక్కడ మనవాళ్లు తరచూ పొరపడతారు. మన సంతోష్ ట్రోఫీలో తెలంగాణ ఒక టీమ్, కేరళ ఒక టీమ్. రాష్ట్రానికీ రాష్ట్రానికీ పోటీ. బ్రెజిల్ రాష్ట్ర టోర్నీలో రాష్ట్రాలు తలపడవు. ఒకే రాష్ట్రంలోని క్లబ్బులు తమలో తాము ఆడుకుంటాయి. నిజామాబాద్ క్లబ్, వరంగల్ క్లబ్, హైదరాబాద్ క్లబ్ కలిసి తెలంగాణ విజేత ఎవరో తేల్చుకుంటే ఎలా ఉంటుందో అలా.

ఇవి ఎందుకు పుట్టాయంటే, దేశం అంత పెద్దది కాబట్టి. పాలిస్టా 1902లో మొదలైంది, కారియోకా 1906లో. ఆ రోజుల్లో ఒక టీమ్ సావో పాలో నుంచి అమెజాన్ వైపు ప్రతి వారం ప్రయాణం చేసే పరిస్థితి లేదు. అందుకని ఎవరి రాష్ట్రంలో వాళ్లు ఆడుకున్నారు. దేశం మొత్తానికి ఒక లీగ్ 1971లో గానీ రాలేదు. అంతకుముందు 1959 నుంచి జరిగిన జాతీయ కప్పులను కూడా లీగ్ టైటిళ్లుగా లెక్కించాలని బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే సీబీఎఫ్, 2010లో నిర్ణయించింది. పెలే ఆడిన సాంటోస్ క్లబ్ ఖాతాలో టైటిళ్లు ఒక్కసారిగా పెరిగింది అప్పుడే.

రాష్ట్ర టోర్నీల చరిత్రలో మన పాఠకులు తప్పక తెలుసుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. రియోలో వాస్కో డ గామా అనే క్లబ్ ఉంది. అవును, 1498లో కాలికట్ తీరానికి వచ్చిన ఆ పోర్చుగీసు నావికుడి పేరే. పేరు చూసి మనకు మంచి అభిప్రాయం కలగదు, కానీ ఆ క్లబ్ చేసిన పని వేరు. 1923లో నల్లజాతి ఆటగాళ్లు, కూలీనాలీ చేసుకునే కుర్రాళ్లతో కూడిన వాస్కో టీమ్ కారియోకా గెలిచింది. దొరల క్లబ్బులకు అది మింగుడుపడలేదు. మరుసటి ఏడాది కొత్త సంఘం పెట్టి, అందులో చేరాలంటే 12 మంది ఆటగాళ్లను తీసేయాలని షరతు పెట్టారు. వాస్కో ఆ షరతుకు ఒప్పుకోలేదు. క్లబ్ అధ్యక్షుడు రాసిన ఆ జవాబు ఉత్తరాన్ని రియో అభిమానులు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు.

ఈ రోజుల్లో పెద్ద క్లబ్బులకు రాష్ట్ర టోర్నీ అంటే కొంచెం చిన్నచూపే. జనవరిలో కుర్రాళ్ల టీమ్‌ను పంపి సరిపెడతాయి. సీబీఎఫ్ కూడా 2026 నుంచి వీటికి 11 తేదీలే ఇచ్చి కుదించింది. కానీ చిన్న ఊరి క్లబ్‌కు ఏడాదిలో పాల్మీరాస్ లాంటి టీమ్ తమ గడ్డ మీదికి వచ్చేది ఈ టోర్నీలోనే. పైగా అసలు విలువ వేరే చోట ఉంది. నాలుగో డివిజన్‌లో సీటు, దేశం కప్పులో సీటు చిన్న క్లబ్‌కు దొరికేది ముఖ్యంగా రాష్ట్ర పోటీల్లో సాధించిన స్థానంతోనే. రాష్ట్ర టోర్నీ లేకపోతే కింది క్లబ్‌కు నిచ్చెన మొదటి మెట్టే ఉండదు.

దేశం లీగ్: బ్రజిలెయిరావ్

బ్రెజిల్ లీగ్‌కు నాలుగు అంతస్తులు. సెరీ ఎ, బి, సి, డి. పైన ఎ. ఎ, బి, సి ఒక్కోదానిలో 20 క్లబ్బులు. డి లో 2025 దాకా 64 ఉండేవి, 2026 నుంచి 96.

సెరీ ఎ నియమం సూటిగా ఉంటుంది. ప్రతి క్లబ్ మిగతా 19 క్లబ్బులతో సొంత మైదానంలో ఒకసారి, వాళ్ల మైదానంలో ఒకసారి ఆడుతుంది. మొత్తం 38 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. చివరికి ఎక్కువ పాయింట్లున్నవాళ్లే చాంపియన్, ఫైనల్ మ్యాచ్ అంటూ ఉండదు. 2003కు ముందు ఇలా కాదు, చివర్లో నాకౌట్లు ఉండేవి, నియమాలు ఏటా మారేవి. 2003లో ఈ పద్ధతి వచ్చాక మొదటి విజేత క్రుజెయిరో.

పాయింట్లు సమానమైతే ఇంగ్లండ్‌లో గోల్ తేడా చూస్తారు. బ్రెజిల్‌లో ముందు ఎవరు ఎక్కువ మ్యాచ్‌లు గెలిచారో చూస్తారు, ఆ తర్వాతే గోల్ తేడా. డ్రాలతో నెట్టుకొచ్చే టీమ్‌కు ఇది నష్టం. పట్టిక చూసేటప్పుడు గోల్స్ కాలమ్ కంటే ముందు గెలుపుల కాలమ్ చూడటం అలవాటు చేసుకోవాలి.

చివరి నాలుగు క్లబ్బులు కిందికి, సెరీ బి కి దిగిపోతాయి. బి నుంచి నాలుగు పైకి వస్తాయి. పేరు, చరిత్ర చూసి ఎవరినీ వదలరు. పెలే క్లబ్ సాంటోస్ కూడా 2023లో మొదటిసారి కిందికి పడింది, ఒక ఏడాది బి లో ఆడి తిరిగొచ్చింది.

ఈ నిచ్చెన నిజంగా పనిచేస్తుందా అంటే మిరసోల్ కథ చూడాలి. సావో పాలో రాష్ట్రంలో, రాజధానికి 450 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. జనాభా సుమారు 60 వేల పైచిలుకు, అంటే ఆర్మూర్ లాంటి ఊరు అనుకోండి. 1925లో పుట్టిన వాళ్ల క్లబ్ దాదాపు నూరేళ్ల పాటు ఎక్కువగా రాష్ట్ర టోర్నీల్లోనే తిరిగింది. 2020 సీజన్‌లో సెరీ డి గెలిచింది. 2022లో సెరీ సి గెలిచింది. 2024లో సెరీ బి లో రెండో స్థానం. 2025లో చరిత్రలో తొలిసారి సెరీ ఎ ఆడి, ఏకంగా నాలుగో స్థానంలో నిలిచింది. ముందున్నవి ఫ్లమెంగో, పాల్మీరాస్, క్రుజెయిరో మాత్రమే. ఆ నాలుగో స్థానంతో ఖండం కప్పు లిబర్తదోరెస్‌లో సీటు వచ్చింది.

డబ్బు ఎక్కడిది అని అడగడం సహజం. మిరసోల్‌లో పెరిగిన లూయిజ్ ఆరౌజో అనే కుర్రాడు తర్వాత సావో పాలో క్లబ్‌కు, అక్కడి నుంచి 2017లో ఫ్రాన్స్‌లోని లిల్‌కు అమ్ముడుపోయాడు. ఆ అమ్మకంలో పాత క్లబ్‌కు వాటా ఉంది. వచ్చిన సొమ్మును మిరసోల్ స్టార్ ఆటగాడి మీద ఖర్చు పెట్టలేదు. ట్రైనింగ్ సెంటర్ కట్టుకుంది. ఒక్క ఖర్చును పెట్టుబడిగా మార్చుకుంటే ఎంత దూరం వెళ్లొచ్చో ఈ చిన్న ఊరి లెక్కల పుస్తకం చెబుతుంది.

మరి మన దగ్గర?

మిరసోల్ పేరు విన్నాక హైదరాబాద్ గుర్తుకు రావాల్సిందే, ఎందుకంటే ఒకప్పుడు ఈ దేశ ఫుట్‌బాల్‌లో మన హైదరాబాద్‌ది పెద్ద పేరు. రహీం సాబ్, అంటే సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తి రీత్యా టీచర్. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఈ కథ తెలుసు.

బ్రెజిల్‌తో మనకు నేరుగా ఒక లంకె కూడా ఉంది. 1977 సెప్టెంబర్ 24న పెలే తన న్యూయార్క్ కాస్మోస్ టీమ్‌తో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆడాడు. మ్యాచ్ 2-2తో డ్రా. మోహన్ బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి మన హైదరాబాదీ మొహమ్మద్ హబీబ్‌ది. 2023 ఆగస్టు 15న మరణించేదాకా హబీబ్ సాబ్ పేరు కలకత్తాలో ఎంత గౌరవంగా పలికేవారో, ఆయన సొంత రాష్ట్రంలో ఈ తరం పిల్లల్లో అంతమందికి తెలియకపోవడం బాధాకరం.

తర్వాత ఏమైంది? 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పూణే క్లబ్ మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. అప్పటి కెప్టెన్ జోవావ్ విక్టర్ బ్రెజిల్ వాడే. మూడేళ్లు తిరగకముందే క్లబ్ అప్పుల్లో మునిగింది, 2025లో కొత్త యజమానులు దాన్ని ఢిల్లీకి తీసుకుపోయి పేరు మార్చారు. బ్రెజిల్‌లో మిరసోల్ రేపు సెరీ డి కి పడిపోయినా మిరసోల్‌లోనే ఉంటుంది. ఊరు మారదు. ఫ్రాంచైజీకీ ఊరి క్లబ్‌కూ తేడా అదే.

నిచ్చెన అసలే లేదని అనలేం. ఐ-లీగ్ గెలిచినవాళ్లు ఐఎస్ఎల్‌కు వెళ్లే దారి ఏర్పడింది. 1891లో పుట్టిన కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ 2024లో అలాగే పైకి వచ్చింది. అదే ఏడాది ఐ-లీగ్‌లో రెండో స్థానం హైదరాబాద్‌కే చెందిన శ్రీనిధి దక్కన్‌ది, అంతకుముందు ఏడాదీ రెండోదే. ఒక్క మెట్టు తక్కువైంది. కొరత పై మెట్లలో కంటే కింది మెట్లలో ఎక్కువ ఉంది. ధర్పల్లి నుంచి చూస్తే పిల్లలకు కనిపించేవి మండలం, జిల్లా స్థాయి స్కూలు ఆటలు. అక్కడ సెలక్షన్ జరుగుతుంది, టీమ్ కొన్ని రోజులకే కలుస్తుంది, విడిపోతుంది. చదువు అయిపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అయినా ఇదే జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు వెళ్లింది, 2022లో క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్‌కూ ఆడింది. ఆమె ప్రతిభ, పట్టుదల ఆమెను అక్కడికి చేర్చాయి.

దేశం కప్పు: కోపా దో బ్రజిల్

1989లో మొదలైన ఈ కప్పు పూర్తిగా నాకౌట్. సెరీ ఎ క్లబ్బులు, రాష్ట్ర టోర్నీల నుంచి వచ్చిన చిన్న క్లబ్బులు ఒకే గంపలో పడతాయి. ఓడితే ఇంటికే. పెద్ద క్లబ్బులు మధ్యలో చేరతాయి కాబట్టి మొదటి రౌండ్లు చిన్నవాళ్ల పండుగ.

2004 ఫైనల్ ఇప్పటికీ చెప్పుకుంటారు. సెరీ బి లో ఉన్న సాంటో ఆండ్రె మొదటి మ్యాచ్ 2-2తో డ్రా చేసి, రెండో మ్యాచ్‌లో ఫ్లమెంగోను దాని సొంత మరకానా స్టేడియంలోనే 2-0తో ఓడించింది. కప్పు గెలిచినవాళ్లకు లిబర్తదోరెస్ సీటు కాబట్టి ఆ చిన్న క్లబ్ మరుసటి ఏడాది ఖండం కప్పు ఆడింది.

ఈ కప్పులో డబ్బు కూడా ఎక్కువే. ఇక్కడ గల్ఫ్ కుటుంబాలకు ఒక మాట. వార్తల్లో 'రియాల్' అని కనిపిస్తే అది సౌదీ రియాల్ కాదు. బ్రెజిల్ కరెన్సీ పేరు కూడా దగ్గర దగ్గరగా అలాగే ఉంటుంది. విలువ వేరు.

ఖండం కప్పు: లిబర్తదోరెస్

దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య కాన్‌మెబోల్‌లో పది దేశాలు: బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే, చిలీ, బొలీవియా, పెరూ, ఈక్వడార్, కొలంబియా, వెనెజులా. గయానా, సురినామ్ మ్యాప్‌లో ఇక్కడే ఉన్నా ఫుట్‌బాల్‌లో మాత్రం ఉత్తర అమెరికా సమాఖ్యలో ఉన్నాయి.

ఈ పది దేశాల క్లబ్బుల పెద్ద కప్పు కోపా లిబర్తదోరెస్. 1960లో మొదలు, తొలి విజేత ఉరుగ్వేకు చెందిన పెన్యరోల్. ఎక్కువసార్లు గెలిచింది అర్జెంటీనా క్లబ్ ఇండిపెండియెంటె, 7 సార్లు.

సీట్ల లెక్క ఇదీ. బ్రెజిల్‌కు 7, అర్జెంటీనాకు 6, మిగతా ఎనిమిది దేశాలకు తలా 4. మొత్తం 45. వీటికి కిందటేడు లిబర్తదోరెస్ విజేత, చిన్న కప్పు సుడమెరికానా విజేత కలిస్తే 47. కింది క్లబ్బులు ముందు అర్హత రౌండ్లు ఆడతాయి. చివరికి 32 క్లబ్బులు నాలుగేసి చొప్పున ఎనిమిది గ్రూపుల్లో చేరతాయి. ప్రతి గ్రూప్‌లో మొదటి రెండు ముందుకు. మూడోది ఇంటికి పోదు, సుడమెరికానాలోకి దిగుతుంది. నాలుగోది ఇంటికి.

2024లో ఒక గ్రూప్ చూస్తే ఈ నియమాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. అందులో బ్రెజిల్ ఫ్లమెంగో, బొలీవియా బొలీవర్, కొలంబియా మిల్యొనారియోస్, చిలీ పలెస్తీనో ఉన్నాయి.

పలెస్తీనో పేరు మన ఇళ్లలో తెలియాల్సిన పేరు. 1920లో చిలీకి వలస వెళ్లిన పాలస్తీనా ప్రజలు పెట్టుకున్న క్లబ్ ఇది. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులే, కానీ జెర్సీ మీద ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు రంగులు పాలస్తీనా జెండావే. 1955లో, 1978లో చిలీ చాంపియన్లు. 2014లో జెర్సీ వెనక అంకె 1 కి బదులు చారిత్రక పాలస్తీనా మ్యాప్ ఆకారం వేశారు. చిలీ సంఘం జరిమానా వేసి ఆ జెర్సీని ఆపించింది.

ఆ 2024 గ్రూప్‌లో పలెస్తీనో చిలీ గడ్డ మీద ఫ్లమెంగోను 1-0తో ఓడించింది. అయినా గ్రూప్‌లో మూడో స్థానమే వచ్చింది. నియమం ప్రకారం సుడమెరికానాకు దిగి, అక్కడ బ్రెజిల్ క్లబ్ కుయబా చేతిలో ఓడిపోయింది. గ్రూప్‌లో మొదటి స్థానం ఫ్లమెంగోది కాదు, బొలీవర్‌ది. దానికి ఒక కారణం ఎత్తు. బొలీవర్ ఊరు లా పాజ్ సముద్ర మట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలిలో ఆక్సిజన్ తక్కువ, కింది నుంచి వెళ్లినవాళ్లకు అరగంటకే ఊపిరి ఆడదు. బంతి కూడా వేగంగా దూసుకుపోతుంది. తర్వాత నాకౌట్‌లో ఇవే రెండు క్లబ్బులు మళ్లీ తగిలాయి. రియోలో ఫ్లమెంగో 2-0తో గెలిచింది, లా పాజ్‌లో 0-1తో ఓడింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపితే 2-1, ఫ్లమెంగో ముందుకు వెళ్లింది.

నాకౌట్లు అలా రెండేసి మ్యాచ్‌లు, గోల్స్ కలిపి లెక్క. ఇతరుల మైదానంలో కొట్టిన గోల్‌కు అదనపు విలువ అనే పాత నియమం 2022 నుంచి లేదు. ఫైనల్ మాత్రం 2019 నుంచి ముందే నిర్ణయించిన ఊళ్లో ఒకే మ్యాచ్. అంతకుముందు ఫైనల్ కూడా రెండు మ్యాచ్‌లే. అభిమానులకు ఈ మార్పు అంతగా నచ్చలేదు, సొంత ఊళ్లో ఫైనల్ చూసే భాగ్యం పోయింది కాబట్టి.

2019 నుంచి 2025 దాకా ఏడుసార్లూ గెలిచింది బ్రెజిల్ క్లబ్బులే. 2025 నవంబర్ 29న లీమాలో జరిగిన ఫైనల్లో ఇద్దరూ బ్రెజిల్ వాళ్లే, ఫ్లమెంగో 1-0తో పాల్మీరాస్‌ను ఓడించింది. నాలుగుసార్లు గెలిచిన మొదటి బ్రెజిల్ క్లబ్ అయింది. దీనికి ప్రధాన కారణం డబ్బు. టీవీ హక్కులు, స్పాన్సర్ల సొమ్ములో బ్రెజిల్ పొరుగు దేశాల కంటే చాలా ముందుంది, అర్జెంటీనా, ఉరుగ్వే ఆటగాళ్లను కూడా కొనుక్కోగలుగుతోంది. పోటీ అనే మాటకు ఇది మంచిది కాదు.

లిబర్తదోరెస్ గెలిచిన క్లబ్ ఆ తర్వాత ప్రపంచ స్థాయిలో ఆడుతుంది. 2025 డిసెంబర్‌లో ఖతర్‌లో జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫైనల్లో ఫ్లమెంగో, పారిస్ సెయింట్ జర్మన్ 1-1తో నిలిచాయి, పెనాల్టీల్లో పారిస్ గెలిచింది.

సుడమెరికానా

ఇది ఖండంలో రెండో కప్పు, 2002లో మొదలైంది. లీగ్‌లో లిబర్తదోరెస్ సీట్లకు కింద నిలిచిన క్లబ్బులు ఇందులో ఆడతాయి. ఇక్కడ గ్రూప్‌లో మొదటి స్థానం వాళ్లే నేరుగా ముందుకు. రెండో స్థానం వాళ్లు లిబర్తదోరెస్ నుంచి దిగివచ్చిన మూడో స్థానం వాళ్లతో తేల్చుకోవాలి. పలెస్తీనో ఓడింది ఆ మెట్టు దగ్గరే.

ఈ కప్పు పేరు వింటే చాపెకోఎన్సె గుర్తొస్తుంది. ఇదీ చిన్న ఊరి క్లబ్బే. 2009లో సెరీ డి లో ఉండి 2014కల్లా సెరీ ఎ కు ఎదిగింది. 2016లో సుడమెరికానా ఫైనల్ ఆడటానికి కొలంబియా వెళ్తుండగా నవంబర్ 28 రాత్రి మెడెయీన్ దగ్గర విమానం కూలి 71 మంది చనిపోయారు. ఎదుటి క్లబ్ అట్లెటికో నాసియోనల్ కప్పు వాళ్లకే ఇవ్వమని స్వయంగా కోరింది. కాన్‌మెబోల్ ఇచ్చింది. ఆ తర్వాత కిందికి పడుతూ లేస్తూ, 2025లో సెరీ బి నుంచి మళ్లీ పైకి వచ్చింది.

దేశాల పోటీలు

క్లబ్బుల సంగతి పక్కన పెడితే దేశాల జట్లకు రెండు పోటీలు ముఖ్యం. ఒకటి కోపా అమెరికా. 1916లో మొదలైంది, 1975 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. అర్జెంటీనా 16 సార్లు, ఉరుగ్వే 15 సార్లు, బ్రెజిల్ 9 సార్లు గెలిచాయి. 2024లో అమెరికాలో ఆడారు. పది దేశాలకు తోడు ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ నుంచి ఆరు దేశాలను పిలిచారు. ఫైనల్లో అర్జెంటీనా 1-0తో కొలంబియాను ఓడించింది.

రెండోది ప్రపంచ కప్ అర్హత పోటీలు. వీటిని చాలామంది ఖండంలో అన్నింటికంటే కఠినమైన పోటీ అంటారు. పది దేశాలూ ఒకే పట్టికలో. ప్రతి దేశం మిగతా తొమ్మిదింటితో రెండేసిసార్లు, 18 మ్యాచ్‌లు, దాదాపు రెండేళ్లు. 2026 ప్రపంచ కప్‌కు మొదటి ఆరు దేశాలకు నేరుగా సీటు, ఏడో దేశానికి ఇంకో అవకాశం. అర్జెంటీనా 38 పాయింట్లతో మొదటి స్థానం. బ్రెజిల్ 28 పాయింట్లతో ఐదో స్థానం, 2025 మార్చిలో బ్యూనస్ ఐరిస్‌లో 4-1తో ఓటమి, సెప్టెంబర్‌లో 4,100 మీటర్ల ఎత్తున్న ఎల్ ఆల్టోలో బొలీవియా చేతిలో 1-0 ఓటమి. నెయ్‌మార్ కటౌట్లు కట్టిన కేరళ కుర్రాళ్లకు అది మంచి ఏడాది కాదు.

మిగతా దేశాల లీగులు ఒక్కోటి ఒక్కో తీరు. కొలంబియాలో ఏడాదికి ఇద్దరు చాంపియన్లు. అర్జెంటీనాలో కిందికి ఎవరు దిగాలో తేల్చడానికి కొన్ని సీజన్ల పాయింట్ల సగటు చూసే పద్ధతి ఉంది. పెద్ద క్లబ్బుల్ని కాపాడే నియమం అని దానికి పేరు. అయినా 2011లో రివర్ ప్లేట్ అంతటి క్లబ్బే ఆ లెక్కలో దిగిపోయింది.

బెట్టింగ్ విషయం, టైమింగ్ విషయం

తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. బ్రెజిల్ క్లబ్బుల జెర్సీల మీద, స్టేడియం బోర్డుల మీద బెట్టింగ్ కంపెనీల పేర్లే ఎక్కువ. మ్యాచ్ చూసే పిల్లవాడి ఫోన్‌కు అవే ప్రకటనలు వస్తాయి. సెరీ బి, రాష్ట్ర టోర్నీల మ్యాచ్‌ల మీద కూడా పందేలు నడుస్తాయి. 2023లో బ్రెజిల్‌లోని గోయాస్ రాష్ట్ర ప్రాసిక్యూటర్లు జరిపిన దర్యాప్తులో, పందెం ముఠాలు ఆటగాళ్లకు డబ్బిచ్చి కావాలని పసుపు కార్డు తీసుకునేలా, పెనాల్టీ ఇచ్చేలా చేసినట్టు బయటపడింది. అంటే పందెం కాసినవాడు ఆడుతున్నది ముందే అమ్ముడుపోయిన ఆట. మన దీన్‌లో జూదం హరామ్ అని సూరా మాయిదా 90వ ఆయత్ స్పష్టంగా చెబుతుంది. చట్టం కూడా అంతే. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. "ఫాంటసీ టీమ్ మాత్రమే అబ్బా" అని పిల్లలు అంటే, అందులో డబ్బు కడుతున్నారా లేదా అని ఒకసారి చూడాలి.

ఇక టైమింగ్. బ్రెజీలియా సమయానికి మనం ఎనిమిదిన్నర గంటలు ముందు. అక్కడ బుధ, గురువారాల రాత్రి 7 గంటల మ్యాచ్ మనకు మర్నాడు తెల్లవారుజాము 3:30, రంజాన్‌లో అయితే సహెరీకి లేచే వేళ. రాత్రి 9:30 మ్యాచ్ మనకు పొద్దున 6, నమాజు అయ్యాక చూడొచ్చు, స్కూల్ బస్సు వచ్చేలోపు అయిపోతుంది. ఆదివారం సాయంత్రం 4 గంటల మ్యాచ్ మాత్రం మనకు అర్ధరాత్రి దాటాక 12:30కి. తేదీ చూసుకోకపోతే ఒక రోజు తేడా వస్తుంది, ఎందుకంటే అప్పటికి మన దగ్గర సోమవారం.